ఇంటికింత రక్తం

"నాకు రక్తం వద్దు" అని షమీమ్ మళ్ళీ అంది. ఈసారి గోడవైపు తిరిగి అంది.

వాకిట్లో ఆటో వచ్చి ఆగి చాలాసేపయింది. అరుగు మీద వీధి కుర్రాళ్ళు వరసగా కూర్చుని, మోచేతి మడతలో అంటించిన దూదిని వేలితో అదుముకుంటూ, బ్లడ్ బ్యాంకువాళ్ళు ఇచ్చిన మామిడిరసం డబ్బాలు పీలుస్తున్నారు. పొద్దున్నే చిలకలూరిపేట పోయి రక్తమిచ్చి వచ్చామన్న ఠీవి ఇంకా ఒక్కడి మొహంలోనూ తగ్గలేదు.

లోపల కరీముల్లా మంచం పక్కన నిలబడి భార్య వీపుకేసి చూస్తున్నాడు.

"వద్దంటే ఏందే అర్థం?"

"వద్దనే అర్థం."

"మొన్న దూది మిషన్ పక్కన కళ్ళు తిరిగి పడిపోయింది నువ్వు కాదా? రక్తం ఆరుకి దిగిపోయిందని నిన్న టెస్టులో వచ్చింది నీకు కాదా? ఎక్కించాల్సిందేనని నర్సింగ్ హోమ్ డాక్టరు అన్నప్పుడు తలూపిందెవరు?"

"నేనైతే ఊపలేదు. నువ్వే ఊపావు."

అది నిజమే. జవాబు తట్టనప్పుడల్లా గొంతు పెంచడం కరీముల్లాకి అలవాటు. ఈసారి గొంతు పెంచబోయి, అరుగు మీదవాళ్ళు వింటారని గుర్తొచ్చి, పళ్ళ బిగువున అన్నాడు.

"బయట కూర్చున్నవాళ్ళకి నేనేం చెప్పాలి? మా ఆవిడకి మీ రక్తం నచ్చలేదంట, పొండి అని చెప్పనా?"

షమీమ్‌కి నాలుగు మాటలు కలిపి అంటే ఆయాసం వస్తోంది. అసలు చెప్పాల్సిన మాట చెప్పడానికి వీల్లేదు. చెప్పగలిగిన మాటలేమో ఎవరికీ ఆనవు.

ఆమె కిడ్నీలు దెబ్బతిని ఏళ్ళయింది. బీపీ ఉన్నట్టు కూడా తెలియని రోజుల్లోనే అవి సగం పోయాయి. ఒంట్లో రక్తం తయారవడానికి కావలసిన మందు కిడ్నీల్లోనే పుడుతుందనీ, అది తగ్గిపోయింది కాబట్టి ఎంత తిన్నా రక్తం పట్టదనీ గుంటూరులో కిడ్నీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. దానికి ఇంజెక్షన్లు రాసింది. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందంది. ఈ సంగతంతా వీధికి ఎక్కేదెలా? వీధికి తెలిసింది ఒక్కటే. రక్తం తక్కువైతే తినాలి, తిన్నా పట్టకపోతే పొయ్యాలి. అందుకే వచ్చినవాళ్ళల్లా దానిమ్మకాయలూ బీట్‌రూట్లూ మోసుకొచ్చారు. అవి ఆమె తినకూడనివి. ఎవరి మనసూ నొప్పించడం ఇష్టంలేక తీసుకుని, వాళ్ళటు వెళ్ళగానే వీధి పిల్లలకి పంచేది. పిల్లలు మాత్రం బాగా రంగు తేలారు.

ఇక వీధి ఆనవాయితీ సంగతి. అక్కడున్నవి దూదేకుల ఇళ్ళు. తరాలుగా దూది ఏకి పరుపులూ దిండ్లూ కుట్టే ఇళ్ళు. ఎవరింట్లో ఆడపిల్ల పెళ్ళయినా ఇంటికింత దూది వేసి, అందరూ కలిసి పరుపు కుట్టి పంపుతారు. ఆ పరుపు వద్దన్న మనిషి ఇంతవరకూ పుట్టలేదు. మొన్న షమీమ్ పడిపోయిందని తెలిసి, వీధికి పెద్ద అయిన బుడాన్ కర్ర తాటిస్తూ ఇంటింటికీ తిరిగాడు. "దూది కాదురా ఈసారి. ఇంటికొక మగాడు" అన్నాడు. అంతే, ఈ పొద్దున పేటలో బ్లడ్ బ్యాంకు తలుపులు తియ్యకముందే మనవాళ్ళు మెట్లమీద ఉన్నారు. వీళ్ళని చూసి పక్క బజారు వెంకయ్య కొడుకు బాలు కూడా వాళ్ళతో బండెక్కేశాడు.

ప్రేమతో చేసిన పనే. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. అదే షమీమ్ ప్రాణానికి వచ్చింది.

"గుంటూరు డాక్టరమ్మ రక్తం ఎక్కించుకోవద్దంది" అంది గోడతోనే. "ప్రాణం మీదకొస్తే తప్ప వద్దంది. పరాయి రక్తం ఎక్కితే ఒళ్ళు దానిమీద పగబట్టడం నేర్చుకుంటదంట. రేపు ఎవరిదన్నా కిడ్నీ పెడితే తోసేస్తదంట."

"ఎవరిదే కిడ్నీ?" అన్నాడు కరీముల్లా. "నాకు షుగరని నన్ను పక్కన పెట్టారు. మన పిల్ల అనీసాకి ఇంకా ఇంటరే కాలేదు. మనకి వరస వచ్చేదాకా పేరు రాయించుకుని కూర్చోవాలంది. ఎప్పుడో వచ్చే కిడ్నీ కోసం ఇవాళ రక్తం మానుకుంటావా? అది వచ్చేదాకా ఉండాలిగా నువ్వు!"

ఆ మాటకీ జవాబుంది. ఆ జవాబు పేరు జాన్ బాషా.

జాన్ బాషా ఆమె తమ్ముడు. పేటలో జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు ఎత్తే పని. చలికాలం మొదలైనప్పటి నుంచీ డ్యూటీ పేరు చెప్పి గుంటూరు పోయి టెస్టులు చేయించుకుంటున్నాడు. ఒక్కొక్కటే కుదురుతూ వచ్చాయి. ఆఖరి టెస్టు, అక్క రక్తాన్నీ తమ్ముడి రక్తాన్నీ కలిపి చూసేది, దాని ఫలితం ఇవాళ చెబుతామన్నారు. ఈ సంగతి అతని పెళ్ళాం నస్రత్‌కి తెలియదు. "చివర్లో దాని సంతకం కావాలంటక్కా. అన్నీ కుదిరాక నేనే నిదానంగా చెప్పుకుంటాను. ఈలోగా దాని చెవిన పడితే మిల్లు గేటు దగ్గర కూర్చుని ఏడుస్తుంది. బావకి కూడా చెప్పొద్దు" అని జాన్ బాషా అక్క చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. బావ విషయంలో అతని భయం నిజమే. కరీముల్లా నోట్లో మాట దాగాలంటే అతను నిద్రపోవాలి.

పొద్దుటి నుంచీ షమీమ్ దుప్పట్లో దాచుకుని తమ్ముడికి ఫోన్ చేస్తూనే ఉంది. స్విచాఫ్.

ఇంతలో గుమ్మంలో కర్ర చప్పుడయింది. బుడాన్ లోపలికి వచ్చాడు. వెనకాలే బాలు, చేతిలో ఖాళీ డబ్బా పడేయడం మర్చిపోయి.

"ఏమ్మా, రానంటున్నావంట?"

"మామా, అది కాదు..."

"ఏది కాదు?" బుడాన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మీ అత్త పోయినప్పుడు నీళ్ళు తోడింది మా ఇంటివాళ్ళు. అనీసా పుట్టినప్పుడు నిన్ను మంచంతో సహా లారీ ఎక్కించింది మేము. అప్పుడెప్పుడూ వద్దనలేదే. ఇప్పుడు మా రక్తంలో ఏం కనిపించింది నీకు?"

"మీ రక్తానికేం మామా. నా ఒంటికే పడదు."

"పడదని ఎవరన్నారు? టెస్టు చేశారు, పడుద్దన్నారు, కవరు మీద పేరు కూడా రాశారు!"

బాలు కల్పించుకున్నాడు. "అక్కా, మా నాన్న కళ్ళంలో మిరపకాయలు తిరగెయ్యాల్సిన రోజు. అయినా పోయిరా అన్నాడు. సూదంటే నాకు చచ్చేంత భయం. కళ్ళు మూసుకుని ఇచ్చా. ఇప్పుడు నువ్వు ఎక్కించుకోకపోతే మావాళ్ళు ఏమనుకుంటారక్కా? ఫలానా వాళ్ళ రక్తం కూడా అందులో ఉందని వద్దందేమో అనరా?"

"ఒరేయ్ బాలూ!" అన్నాడు బుడాన్. కానీ ఆ మాట గదిలో అప్పటికే పడిపోయింది.

షమీమ్ లేచి కూర్చుంది. "అట్లా ఎందుకంటావు బాలూ" అంది. ఇంకేదో చెప్పబోయింది. దమ్ము చాల్లేదు. మంచం పట్టె పట్టుకుని ఆగింది. ముగ్గురు మగవాళ్ళూ ఆ ఆయాసాన్ని చూశారు. వాళ్ళకి కావలసిన రుజువు దొరికింది.

"చూశారా" అన్నాడు కరీముల్లా. అతని గొంతు ఉన్నట్టుండి పగిలింది. "ఇది బతకాలనుకోవడం లేదు మామా. మందులకి విసిగిపోయింది. నాకు చెప్పకుండా పోదామనుకుంటోంది."

అతను ఏడ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో షమీమ్ ఎప్పుడూ చూడని ఏడుపు. బాలు తల దించుకున్నాడు. బుడాన్ కర్ర చివరకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఎంత ఒంటరితనం అది! ఇల్లంతా మనుషులు, అందరూ ఆమె బతకాలని కోరేవాళ్ళే. తనూ అదే కోరుకుంటోందని వాళ్ళకి చెప్పుకోవడానికి నోరు లేదు. ఒక్క మాట చాలు, గదిలో మొహాలన్నీ మారిపోతాయి. ఆ ఒక్క మాట తమ్ముడి నెత్తిన ఒట్టై కూర్చుంది.

"మగాళ్ళంతా బయటికి నడవండి!"

నస్రత్ గొంతు మనిషికంటే ముందే వచ్చింది. పేట నుంచి షేర్ ఆటోలో దిగినట్టుంది, చీర మీదంతా ఎర్రటి దుమ్ము. చేతిలో స్టీలు క్యారేజీ. "పేషెంటు చుట్టూ పంచాయితీ పెట్టారేంది? కరీముల్లా అన్నయ్యా, ముందు నువ్వు పోయి మొహం కడుక్కో. తాతా, నువ్వు అరుగు మీద కూర్చో. వదిన సంగతి నాకొదిలెయ్యండి."

ఆ ఇంట్లో నస్రత్ మాటకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. మగవాళ్ళు వెళ్ళారు. ఆమె తలుపు దగ్గరగా వేసి, క్యారేజీ విప్పి, అన్నం కలిపి ముద్ద చేసి నోటికి అందించింది.

"ఉప్పు తక్కువేశాను. నీకు పడదుగా. తిను."

షమీమ్ నోరు తెరిచింది. తను ఏ మనిషి భర్త ఒంట్లోంచి ముక్క కోయించుకోబోతోందో, ఆ మనిషి ఉప్పు చూసి వండి తెచ్చి తినిపిస్తోంది.

"వదినా, ఒకటి అడుగుతాను. నిజం చెప్తావా?" అంది నస్రత్ రెండో ముద్ద కలుపుతూ. గొంతు తగ్గించింది. నస్రత్ గొంతు తగ్గించడం వింతే.

"అడుగు."

"మీ తమ్ముడు నీకేమన్నా చెప్పాడా?"

"దేని గురించి?"

"ఏమో. ఈమధ్య మనిషి తేడాగా ఉన్నాడు. డ్యూటీ అని పోతాడు. మిల్లులో అడిగితే రాలేదంటారు. గుంటూరు బస్సు టిక్కెట్టు చొక్కా జేబులో దొరికింది. అడిగితే మిల్లు పని మీద పంపారన్నాడు. బేళ్ళు ఎత్తేవాడిని మిల్లు పని మీద గుంటూరు ఎవరు పంపుతారు వదినా?" ఆమె నవ్వబోయింది. నవ్వు కుదరలేదు. "ఎవత్తెనన్నా తగులుకున్నాడేమోనని రెండ్రోజులు ఏడ్చాను. తర్వాత అనుకున్నా, ఆడదైతే పోనీలే, కొట్లాడి తెచ్చుకుంటాను. ఏదన్నా జబ్బొచ్చి నాకు చెప్పట్లేదేమోనని భయం పట్టుకుంది."

"వాడికి జబ్బేముంటుంది" అంది షమీమ్.

"లేకపోతే అంతే చాలు. నిజం చెప్తున్నా వదినా, మాకు ఎకరం లేదు, సెంటు లేదు. ఆయన ఒళ్ళే మాకు పొలం. ఆ రెండు చేతులూ, ఆ నడుమూ. పిల్లలింకా బడి మొహం సరిగ్గా చూడలేదు. ఆ ఒంటికి చిన్న దెబ్బ తగిలినా నేను తట్టుకోలేను." నస్రత్ ముద్ద పట్టుకుని ఆగింది. "నువ్వు పెంచిన తమ్ముడు. నీ దగ్గర దాచడు. ఏమీ లేదు అని ఒక్కసారి అను, నాకు నిద్ర పడుతుంది."

షమీమ్ ఆమె కళ్ళలోకి చూసింది. అబద్ధం చెప్పడం ఇంత తేలికని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

"ఏమీ లేదు" అంది.

నస్రత్ మొహం విచ్చుకుంది. చెంగుతో కళ్ళు ఒత్తుకుని, "హమ్మయ్య. ఇంక నువ్వూ నా మాట వినాలి. లేచి ఆసుపత్రికి పద. నేను వచ్చి పక్కన కూర్చుంటాను. ఎక్కినంతసేపూ కదలను" అంది.

షమీమ్‌కి బతకాలని ఉంది. అందులో దాపరికం లేదు. అనీసా డిగ్రీ పూర్తిచేయడం చూడాలని ఉంది. రాళ్ళు కట్టినట్టుండే ఈ కాళ్ళు వదిలి మళ్ళీ మిషన్ ముందు నిలబడాలని ఉంది. తమ్ముడు తనంతట తనే ఇస్తానన్న రోజున ఆమె వద్దనలేదు. వద్దనలేకపోయింది. సిగ్గుపడుతూనే ఒప్పుకుంది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషి ఇల్లంతా ఆ ఒంటి మీద నిలబడి ఉంది. ఈ మనిషికి కడుపులో దిగులు పెట్టి, చేతిలో కలం పెట్టి, సంతకం చెయ్యమనాలి. చేస్తుంది కూడా. ఏడ్చి, తిట్టి, చేస్తుంది. అదే షమీమ్ భరించలేకపోయింది.

తను కాదంటే తమ్ముడు వినడు, కాళ్ళు పట్టుకుంటాడు. కానీ ఈ రక్తం ఎక్కితే వాడు వినాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. ఒళ్ళే వాణ్ణి కాదంటుంది. ఎవరినీ తప్పుపట్టడానికి ఉండదు. వీధి సంతోషిస్తుంది, భర్త ఏడుపు ఆపుతాడు, నస్రత్ నిద్రపోతుంది.

"నా చెప్పులు మంచం కింద ఉన్నాయి" అంది. "ఇటు జరుపు."

వీధి వీధంతా ఆటో ఎక్కించడానికి వచ్చింది. బాలు దిండు తెచ్చి వెనక పెట్టాడు. బుడాన్ ఆమె తలమీద చెయ్యి వేసి దువా చదివాడు. కరీముల్లా డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని, దారిపొడవునా గతుకు వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి "బానే ఉందా?" అని అడిగాడు. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి నస్రత్ తుమ్మి, నవ్వి, మళ్ళీ తుమ్మింది. అందరూ పండక్కి పోతున్నట్టే ఉన్నారు. ఆ ఆటోలో ఏం పోగొట్టుకోవడానికి పోతోందో ఒక్క షమీమ్‌కే తెలుసు.

నర్సింగ్ హోమ్ హైవే పక్కనే. పత్తి లారీలు పోతుంటే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. సిస్టరు పేరూ గ్రూపూ రెండుసార్లు సరిచూసి, ఎడమ చేతికి సూది గుచ్చి, ఎర్రటి సంచీ కొక్కేనికి తగిలించింది. రక్తం చల్లగా ఉంది. చేతిలోకి చలి ఎక్కడం షమీమ్‌కి తెలిసింది.

"మెల్లిగా పెట్టాను. చలిగానీ దురదగానీ వస్తే పిలవండి" అని సిస్టరు పక్క మంచం దగ్గరికి పోయింది. కరీముల్లా మందుల చీటీ తీసుకుని కిందకి దిగాడు. నస్రత్ అన్నమాట ప్రకారం స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

అప్పుడు ఫోన్ మోగింది.

అది దిండు పక్కన ఉంది. షమీమ్ కుడి చేత్తో అందుకోబోయింది. ఆమెకంటే ముందు నస్రత్ తీసింది. "నీ తమ్ముడే! మిల్లులో ఇప్పుడు వదిలినట్టున్నారు. నువ్వు కదలకు, స్పీకర్ పెడతాను" అంది సంబరంగా.

"వద్దు, ఇటివ్వు..."

"అక్కా!" జాన్ బాషా గొంతు గదంతా నిండింది. వెనక ఏదో ఆసుపత్రి సందడి. "కుదిరిందక్కా! ఆఖరిది కూడా కుదిరింది! నా కిడ్నీ నీకు సరిపోతుందని డాక్టరమ్మ సంతకం పెట్టింది. ఇంతసేపూ లోపలున్నా, ఫోన్ ఆపమన్నారు. వింటున్నావా?"

నస్రత్ ఫోన్‌ని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"మరీ మరీ చెప్పిందక్కా, ఈలోపు రక్తం మాత్రం ఎక్కించుకోవద్దంట. ఎక్కించుకుంటే కుదిరింది కాస్తా చెడిపోవచ్చంట. ఎవరు చెప్పినా వినొద్దు. నస్రత్‌కి ఇవాళే చెప్తాను. ఏడుస్తుంది. కానీ కాదనదక్కా, నాకు తెలుసు దాని సంగతి." కాసేపాగి, "అక్కా? ఏడుస్తున్నావా?" అన్నాడు.

నస్రత్ ఫోన్ కట్ చేసి దిండు పక్కన, ముందు ఎక్కడుందో అక్కడే పెట్టింది.

ఒక లారీ పోయింది. అద్దాలు కదిలి ఆగాయి.

"అది ఎక్కకూడదని నీకు ముందే తెలుసా?" అంది నస్రత్. ఆ గొంతు ఎవరిదో అన్నట్టుంది.

"తెలుసు."

"తెలిసే వచ్చావా?"

షమీమ్ తలూపింది. నస్రత్ తలెత్తి సంచీ వంక చూసింది. సంచీ ఇంకా నిండుగానే ఉంది. దాని కింద సన్నటి గొట్టంలో చుక్క తర్వాత చుక్క పడుతోంది. సిస్టరు నాలుగడుగుల దూరంలో ఉంది. పిలిస్తే పలుకుతుంది. నస్రత్ స్టూలు మీంచి సగం లేచింది. సగంలోనే ఆగింది. పిల్లలు గుర్తొచ్చారో, మిల్లు గుర్తొచ్చిందో, భర్త అన్న ఆఖరి మాట గుర్తొచ్చిందో, మళ్ళీ కూర్చుంది. షమీమ్ కుడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

సిస్టరు అక్కడి నుంచే వెనక్కి తిరిగి చూసి, "బాగానే ఎక్కుతోందా అమ్మా?" అని అడిగింది.

షమీమ్ నస్రత్ వైపు చూసింది. నస్రత్ నేల వైపు చూసింది.

"ఎక్కుతోందండీ" అంది నస్రత్.